బాతుల్ని రప్పించేందుకే చెరువు.. ఒక్కరోజే 4,273 పక్షులు బలి! భరత్‌పూర్ కథ తెలుసా?

ఒకే ఒక్క రోజు.. 4,273 పక్షులు! 1938 నవంబర్‌లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో అప్పటి వైస్రాయ్ లార్డ్ లిన్‌లిత్‌గో, ఆయనతో వచ్చిన అతిథులు కలిసి నేలకూల్చిన లెక్క ఇది. ఇదేదో నోటి మాట కాదు. ఏ రోజు ఎన్ని పక్షుల్ని కొట్టారో అక్కడి రాతి పలకలపై గొప్పగా చెక్కించి పెట్టారు. ఆ పలకలు ఇప్పటికీ ఉన్నాయి.

విచిత్రం ఏంటంటే.. అదే చోటు ఇప్పుడు కేవలాదేవ్ నేషనల్ పార్క్. ప్రపంచం నలుమూలల నుంచి పక్షి ప్రేమికులు వచ్చే చోటు. మరి అన్ని వేల బాతులు ఒకే చోటికి ఎలా వచ్చాయి? వాటంతట అవే వచ్చాయా.. లేక ఎవరైనా రప్పించారా?

నీళ్లు నింపి పిలిచారు!

భరత్‌పూర్ వానలు తక్కువగా పడే ప్రాంతం. అక్కడో పల్లపు నేల ఉండేది. వానాకాలంలో నీళ్లు చేరేవి, తర్వాత ఎండిపోయేవి. 18వ శతాబ్దంలో మహారాజా సూరజ్‌మల్ దగ్గర్లోనే అజాన్ బండ్ అనే కట్ట కట్టించారు. 19వ శతాబ్దం చివర్లో సంస్థానం వాళ్లు ఆ నీటిని పల్లంలోకి మళ్లించారు. గట్లు వేశారు, కాల్వలు తవ్వారు, తూములు పెట్టారు. ఎక్కడ ఎంత లోతు నీళ్లుండాలో వాళ్ల చేతుల్లోకి వచ్చింది. లక్ష్యం ఒక్కటే.. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే బాతులు ఇక్కడే దిగాలి. వేట సాగాలి. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ వేటతో ఇదంతా పెద్ద ఎత్తున మొదలైంది.

బాతుకు కావాల్సింది ఏంటి?

నీళ్లు కనిపిస్తే చాలు బాతు వాలిపోతుందనుకుంటే పొరపాటే. మూడు విషయాలు కుదరాలి.

మొదటిది లోతు. పింటెయిల్, షవలర్, టీల్ లాంటి బాతులు నీళ్లలోకి పూర్తిగా మునగవు. తల కిందికి ముంచి, తోక పైకి లేపి అడుగున మేత వెతుక్కుంటాయి. అంటే మెడ అందేంత లోతు ఉంటే చాలు.. దాదాపు జానెడు నుంచి మూరెడు నీళ్లు. పోచర్డ్ లాంటివి మాత్రం లోతు నీళ్లలో మునిగి తింటాయి. అందుకే ఒకే చెరువులో లోతు, మెరక రెండూ ఉంటే రకరకాల బాతులు వస్తాయి.

రెండోది తిండి. గడ్డి గింజలు, తుంగ దుంపలు, నీటి పురుగులు, నత్తలు. ఎండిన నేలలో మొక్కలు మొలిచి గింజ పట్టాక నీళ్లు నింపితే ఆ గింజలన్నీ బాతులకు విందు భోజనమే. కాబట్టి నీళ్లు నింపడమే కాదు, ఏడాదిలో కొన్నాళ్లు ఎండనివ్వడమూ ముఖ్యమే.

మూడోది భద్రత. దిగేందుకు, లేచేందుకు నీటి మధ్యలో ఖాళీ జాగా ఉండాలి. మనిషి అలికిడి ఉండకూడదు. రోజూ తుపాకీ పేలితే బాతులు ఆ చెరువు మొహమే చూడవు. అందుకే వేటగాళ్లు వేటకూ వేటకూ మధ్య చెరువును ప్రశాంతంగా వదిలేస్తారు.

'డెకాయ్' మాట పుట్టింది బాతుల దగ్గరే!

వార్తల్లో డెకాయ్ ఆపరేషన్ అనే మాట వింటూనే ఉంటాం. మారువేషంలో వెళ్లి తప్పు చేసేవాళ్లను పట్టుకోవడం. ఆ మాట మూలం బాతుల వేటలోనే ఉంది. డచ్ భాషలో 'కోయి' అంటే పంజరం. దాని నుంచే ఇంగ్లీషు డెకాయ్ వచ్చిందని చెబుతారు.

నెదర్లాండ్స్‌లో చెరువుకు అంచున వంకర కాల్వలు తవ్వి, పైన వల కప్పేవాళ్లు. గట్టు మీద తడికల మధ్య ఓ చిన్న కుక్క కనిపిస్తూ, మాయమవుతూ పరుగెత్తేది. దాన్ని చూసి బాతులు పారిపోవు సరికదా.. వెంటపడతాయి! శత్రువు మీద ఓ కన్నేసి ఉంచడం వాటి స్వభావం. అలా కాల్వ లోపలికి వెళ్లి వలలో ఇరుక్కునేవి. 17వ శతాబ్దంలో ఈ పద్ధతి ఇంగ్లండ్‌కూ పాకింది. తర్వాత నీళ్లలో తేలే చెక్క బొమ్మలు, ఇప్పుడు ప్లాస్టిక్ బొమ్మలు వాడుతున్నారు. 'ఇక్కడ మనవాళ్లున్నారు, భయం లేదు' అని పైన ఎగిరే గుంపును నమ్మించడమే వాటి పని.

అమెరికా ఎందుకు గీత గీసింది?

అమెరికాలో బాతుల వేట ఇప్పటికీ చట్టబద్ధమే. అయితే గింజలు చల్లి రప్పించి కాల్చడం, బతికున్న బాతుల్ని ఎరగా కట్టడం 1935 నుంచి నిషేధం. కరవుతో, వేటతో బాతులు బాగా తగ్గిపోయిన రోజులవి. ఎర వేస్తే పక్షికి తప్పించుకునే అవకాశమే ఉండదన్నది వాదన. అంతకు ముందు ఏడాది, 1934లో 'డక్ స్టాంప్' తెచ్చారు. వేటగాడు ఏటా దాన్ని కొనాల్సిందే. ఆ డబ్బుతో చిత్తడి నేలల్ని కొని కాపాడుతున్నారు.

భరత్‌పూర్ ఎలా మారింది?

స్వాతంత్ర్యం వచ్చాక ఈ నేలను పొలాలుగా మార్చాలన్న ఒత్తిడి పెరిగింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అడ్డుపడ్డారు. చివరి పెద్ద వేట జరిగింది 1964లో. 1981లో రామ్‌సర్ గుర్తింపు, 1982లో నేషనల్ పార్క్ హోదా, 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు.. వరసగా వచ్చాయి.

కానీ కథ అంత సాఫీగా సాగలేదు. 1982లో పార్కులో పశువుల మేతను నిషేధించారు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తీరా చూస్తే.. గేదెలు మేయకపోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కమ్మేసింది. బాతులు దిగే జాగా తగ్గిపోయింది. మేత ఆపడం వల్ల నష్టమే జరిగిందని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో తేలింది. ఆ తర్వాత నీళ్ల గొడవ.. ఎగువన పాంచనా డ్యామ్ నీరు పొలాలకా, పక్షులకా అన్న పంచాయితీ. వేట కోసం కట్టిన ఆ గట్లు, తూములే ఇప్పుడు పక్షులకు ఊపిరి. కానీ తూము ఎత్తితే రావడానికి నీళ్లుండాలి కదా!

మన దగ్గర ఏంటి పరిస్థితి?

ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే వేట కాదు.. వల వేయడం, విషం పెట్టడం, ఎర వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. సొంత చెరువైనా మినహాయింపు లేదు. 2022 సవరణ తర్వాత మామూలు కేసుల్లో మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. అభయారణ్యంలో వేటాడితే శిక్ష ఇంకా ఎక్కువ.

ఇక కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ సరస్సుకు 1999లో అభయారణ్యం హోదా, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చాయి. చలికాలం అతిథులు ఇక్కడికీ వస్తాయి. అయితే చేపల చెరువులు సరస్సును ఆక్రమించాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చాలా గట్లు కొట్టేయాల్సి వచ్చింది. చేపల చెరువు నిండా నీళ్లుంటాయి.. కానీ నిటారు గట్లు, లోతు నీళ్లు. గింజ పట్టే గడ్డి ఉండదు, మెడ అందే మెరక ఉండదు. తల ముంచి మేసే బాతుకు అది నీళ్లున్న ఎడారి లాంటిదే.

బాతును రప్పించడానికి అప్పట్లో వేటగాళ్లు నేర్చుకున్న కిటుకే ఇప్పుడు దాన్ని కాపాడాలనుకునే వాళ్లకూ కావాలి. పల్చటి నీళ్లు, గింజ పట్టిన గడ్డి, కాస్త ప్రశాంతత. ఈ మూడూ ఉన్న చెరువు మీ ఊళ్లో ఉంటే.. ఈ చలికాలం ఓ ఉదయం దూరం నుంచే చూడండి.