డబ్లిన్ గుమాస్తాలు - మదనపల్లె ప్రిన్సిపాలు

1956 ఫిబ్రవరి 20వ తేదీన మదనపల్లెలో ఎనభై రెండేండ్ల ఐర్లండు దేశీయుడొకరు కన్నుమూశారు. ఆయన పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్. ఆ ఊరి దివ్యజ్ఞాన కళాశాలకు ఆయన ప్రిన్సిపాలుగా పనిచేసిన సంగతి రాయలసీమలో కొందరికి తెలుసు. ఆయన భార్య మార్గరెట్ జాతీయగీతానికి స్వరలిపి సమకూర్చిన సంగతి ఇంకా ఎక్కువమందికి తెలుసు. అయితే ఇక్కడికి రావడానికి పదమూడేండ్లు ముందు, డబ్లిన్ నగరంలో ఒక బొగ్గు వ్యాపార సంస్థలో గుమాస్తాగా ఉన్నప్పుడు, ఆయన ఒక చిన్న నాటక సమాజం పుట్టుకకు కారకుడైన విషయం మన సాహిత్య విద్యార్థులలో సైతం చాలామందికి తెలియదు. ఆ సమాజమే తరువాత ప్రపంచప్రఖ్యాతి గాంచిన ఆబీ థియేటరు అయినది. ఆబీ అనగానే యేట్స్, సింజ్, లేడీ గ్రెగరీ గుర్తుకు వస్తారు. ఎం.ఏ. చదివిన రోజుల్లో మేమూ ఆ ముగ్గురి పేర్లే వల్లెవేశాము. ఆ పేర్ల వెనుక నిలిచిన మనుషులను గురించి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఐర్లండు ఆంగ్లేయుల ఏలుబడిలో ఉండేది. డబ్లిన్ నాటకశాలల్లో లండన్ నుండి వచ్చే సంచార సమాజాల ప్రదర్శనలే ఎక్కువ. వాటిలో ఐరిష్ వాడంటే తాగుబోతు, విదూషకుడు. 1899లో యేట్స్, లేడీ గ్రెగరీ, ఎడ్వర్డ్ మార్టిన్ కలిసి ఐరిష్ సాహిత్య నాటకశాలను స్థాపించి స్వదేశీ ఇతివృత్తాలతో నాటకాలాడించారు. కాని నటులను మాత్రం ఇంగ్లండు నుండే పిలిపించవలసి వచ్చింది. కథ స్వదేశిది, గొంతు పరదేశిది. మూడేండ్లలో ఆ ప్రయత్నం ముగిసింది. మన ప్రాంతంలోనూ ధార్వాడ, పారసీ సమాజాల ప్రదర్శనలు చూసిన తరువాతనే తెలుగువారికి సొంత రంగస్థలం మీద మమకారం కలిగినది కదా! ఆగా హష్ర్ కాశ్మీరీ రచనలు చదివే మన ఉర్దూ శాఖ విద్యార్థులకు పారసీ రంగస్థలాన్ని గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

స్వదేశీ నాటకాన్ని స్వదేశీ నటులే ఆడాలని పట్టుబట్టినవారు ఫే సోదరులు. అన్న ఫ్రాంక్ ఫే కార్యాలయంలో గుమాస్తా. సాయంత్రాలు యునైటెడ్ ఐరిష్‌మన్ పత్రికకు నాటక విమర్శలు వ్రాసేవాడు. తమ్ముడు విలియం ఫే విద్యుత్తు పనివాడు. చిన్నతనంలోనే సంచార సమాజాల వెంట తిరిగి రంగస్థలం మర్మాలన్నీ ఎరిగినవాడు. వారి చేతికింద పది పన్నెండుమంది యువతీయువకులుండేవారు. పగలు దుకాణాల్లో, కచేరీల్లో కొలువు, రాత్రి ప్రహసనాల సాధన. ఉచ్చారణ నేర్పడం అన్న వంతు, నిలబడడం, నడవడం నేర్పడం తమ్ముని వంతు. నటుడు మాట్లాడేటప్పుడు తక్కినవారు కదలరాదని వారు పెట్టిన నియమం ఆనాడు వింతగా తోచినదట. అనవసరంగా చేతులు విసిరే మన పౌరాణిక నటులు కొందరికి అది నేటికీ వింతగానే ఉండవచ్చు.

వీరికి కావలసినది నాటకం. అది కవుల దగ్గర ఉంది. కవులకు కావలసినది నటులు. వారు ఫే సోదరుల దగ్గర ఉన్నారు. ఒకే నగరంలో ఉంటూ ఒకరికొకరు తెలియరు. అప్పుడు బెల్ఫాస్ట్ నుండి వచ్చి డబ్లిన్‌లో గుమాస్తాగిరీ చేస్తూ కవిత్వం వ్రాసుకుంటున్న కజిన్స్ వీరి ప్రదర్శన చూసి ముచ్చటపడి, వీరిని జార్జి రస్సెల్ దగ్గరకు తీసుకువెళ్ళాడు. రస్సెల్ ఏ.ఇ. అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన కవి, చిత్రకారుడు. ఆయన కూడా మొదట వస్త్రదుకాణంలో గుమాస్తాయే. తరువాత పల్లెపల్లెకూ తిరిగి రైతులచేత సహకార పరపతి సంఘాలు పెట్టించే ఉద్యోగంలో చేరాడు. పత్తికీ మిరపకూ పెట్టుబడి దొరకక వడ్డీ వ్యాపారి గడప తొక్కే రైతుల బిడ్డలు మన తరగతుల్లో ఉన్నారు గనుక ఈ మాట ప్రత్యేకించి చెబుతున్నాము. ఏ.ఇ. తన డీర్‌డ్రీ నాటకాన్ని ఫే సోదరుల చేతిలో పెట్టాడు. దాని వెంట యేట్స్ పేరుతో కాథ్లీన్ ని హూలిహన్ వచ్చింది. ఈ రెండవదానిలో అధికభాగం లేడీ గ్రెగరీ రచనేనని పరిశోధకులు తరువాత తేల్చారు.

1902 ఏప్రిల్ 2వ తేదీన సెయింట్ తెరెసా హాలులో ఆ రెండు నాటకాలూ ప్రదర్శించారు. అది మద్యనిషేధ సంఘం వారి చిన్న హాలు. పక్క గదిలో బిలియర్డ్ బంతుల చప్పుడు వేదిక మీదికి వినవస్తూ ఉండేదట. ఐర్లండు పుత్రికలు అనే స్త్రీల దేశభక్త సంఘం ఖర్చులకు పూచీపడింది. ఆ సంఘం నాయకురాలు మాడ్ గాన్ స్వయంగా కాథ్లీన్ పాత్ర ధరించింది. పోగొట్టుకున్న తన పొలాల కోసం గడపగడపా తిరిగే ముసలమ్మ, పెండ్లికి సిద్ధంగా ఉన్న యువకుణ్ణి ఇల్లు విడిపించి పోరాటానికి తీసుకుపోతుంది. ఆ ముసలమ్మ దేశమాత అని సభికులకు చెప్పనక్కరలేకపోయింది. డీర్‌డ్రీలో దుస్తులు, తెరలు ఏ.ఇ. చిత్రించినవి. పూజారి వేషం కూడా ఆయనే వేశాడు. కజిన్స్ కూడా ఒక చిన్న వేషం కట్టాడు.

ఆ అక్టోబరులో కజిన్స్ నాటికలు రెండు ఆడారు. ఒకటి పురాణగాథ, రెండవది ది రేసింగ్ లగ్ అనే బెస్తవారి కథ. అదే ఏడు ఒక దుకాణం వెనుక కామ్డెన్ వీధిలో చిన్న హాలు అద్దెకు తీసుకుని, బల్లలూ వేదికా విలియం ఫే తన చేతులతో తయారుచేశాడు. వాన వస్తే కప్పు కారేది, చలికాలంలో సభికులు వణికేవారు. డిసెంబరు ప్రదర్శనల తరువాత దానిని సాధనకు మాత్రమే వాడుకున్నారు. 1903లో సమాజానికి ఐరిష్ జాతీయ నాటక సంఘమని పేరుపెట్టి, యేట్స్‌ను అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. నాటకాల ఎంపికలో సభ్యులందరికీ ఓటు ఉండేది. ఆ మే నెలలో ఒక శనివారం లండన్ వెళ్ళి ఒకేరోజు రెండు ప్రదర్శనలిచ్చి తిరిగివచ్చారు. సోమవారం కొలువులకు వెళ్ళవలసినవారు కదా!

ఒక విషయం మన కళాశాల వంటి సంస్థలో ఉన్నవారు గమనించదగినది. యేట్స్, లేడీ గ్రెగరీ, ఏ.ఇ., సింజ్, కజిన్స్ అందరూ ప్రొటెస్టెంటు కుటుంబాలలో పుట్టినవారు, అంటే ఆ దేశంలో అల్పసంఖ్యాకులు. ఫే సోదరులు, నటీనటులలో అధికసంఖ్యాకులు కాథలిక్కులు. యేట్స్ నాటకం మీద 1899లో మతవిరుద్ధమని కాథలిక్ విద్యార్థులు ఆక్షేపణ చేశారు. అనుమానాలు ఉండనే ఉన్నాయి. అయినా దేశపు కథను చెప్పే హక్కు తమకు లేదని ఆ కొద్దిమంది ఎన్నడూ అనుకోలేదు, సాటివారిని వదిలి వేరు వేదిక కట్టుకోనూ లేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధం బుర్రకథ చెబుతుంటే వేలాది శ్రోతలు తెల్లవార్లూ కూర్చున్నారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ కథ ఎవరిది అని అడిగినవారు లేరు.

సమాజంలో చీలికలకు మతం కన్న వేరు కారణాలే బలమైనవి. మొదట దెబ్బతిన్నది కజిన్సే. ఆయన వ్రాసిన ఒక ప్రహసనం యేట్స్‌కు నచ్చలేదు. దానిని పక్కన పెట్టించాడు. అందరినీ కలిపిన మనిషి మెల్లగా అంచుకు జరిగాడు. 1903 అక్టోబరులో సింజ్ నాటకం ఐరిష్ స్త్రీని కించపరిచిందని మాడ్ గాన్, డడ్లీ డిగ్గెస్, మేరీ క్విన్ తప్పుకున్నారు. అటు తరువాత డబ్బు వచ్చింది. ఇంగ్లండుకు చెందిన తేయాకు వ్యాపారి కుమార్తె కుమారి హార్నిమన్ ఆబీ వీధిలోని భవనాన్ని సంపాదించి, బాగుచేయించి ఇచ్చింది. 1904 డిసెంబరు 27న ఆబీ తెర లేచింది. మరుసటి ఏడే సంఘం పరిమిత కంపెనీగా మారి, యేట్స్, లేడీ గ్రెగరీ, సింజ్ డైరెక్టర్లయ్యారు. నటులకు జీతాలు వచ్చాయి, ఓటు పోయింది. మేరీ వాకర్, పాడ్రిక్ కొలమ్ మొదలైన పాతవారు బయటికి నడిచి 1906లో వేరు సమాజం పెట్టుకున్నారు. కొలమ్ రైల్వే గుమాస్తా. మేరీ వాకర్ మొదటి ప్రదర్శనల నుండి ఉన్న నటి. 1908 జనవరిలో ఫే సోదరులు కూడా వెళ్ళిపోయారు.

యేట్స్ చేసినది తప్పని మేము తేల్చి చెప్పలేము. అందరి ఓటుకూ పెట్టి ఉంటే సింజ్ నాటకాలు తెర ఎక్కేవి కావేమో. 1907లో ఆయన ప్లేబాయ్ నాటకం మీద వారం రోజులు అల్లరి జరిగినప్పుడు వెనుకాడకుండా ఆడించినది ఆ డైరెక్టర్లే. కాని కప్పు కారే హాలులో బల్లలు కొట్టినవారికి, పెద్ద భవనం రాగానే తాము కూలికి కుదిరిన నటులమైనామని తోచడం కూడా సహజమే. దాత డబ్బు ఇచ్చినప్పుడు ఎవరు ఏమి కోల్పోతారన్నది ముందుగానే తేల్చుకోవలసిన ప్రశ్న. వారు తేల్చుకోలేదు. హార్నిమన్ కూడా 1910లో ఎడ్వర్డు రాజు మరణించినప్పుడు నాటకశాల మూయలేదన్న ఆగ్రహంతో సహాయం మానివేసింది.

కజిన్స్ దంపతులు 1915లో అనీబిసెంటు పిలుపుపై మద్రాసు వచ్చారు. ఆయన న్యూ ఇండియా పత్రికలో చేరాడు. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు చెలరేగింది. మొదటిరోజే నేలకొరిగిన షాన్ కానొలీ ఆబీ రంగస్థల నటుడు. మేరీ వాకర్ తిరుగుబాటుదారులతో ఒక బిస్కెట్ ఫ్యాక్టరీలో నిలిచింది. కాథ్లీన్ నాటకం చూసి చప్పట్లు కొట్టిన తరం అది. మద్రాసులో కజిన్స్ ఆ తిరుగుబాటును సమర్థిస్తూ వ్రాశాడు. ఆ యేడే ప్రభుత్వం ఆ పత్రికను ధరావతు కట్టమని ఒత్తిడి చేసింది. బిసెంటు ఆయనను పత్రిక నుండి తప్పించి, అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె కళాశాలకు పంపింది. ఒక వ్యాసం మూలంగా తెలుగుదేశానికి ఒక ఆంగ్లోపన్యాసకుడు దక్కాడు.

1919 ఫిబ్రవరి చివర రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె వచ్చారు. ఆబీలో 1913లోనే ఆయన పోస్టాఫీసు నాటకం ఆడారు గనుక ఆయనకూ ఆ రంగస్థలానికీ సంబంధం ముందే ఉంది. 28వ తేదీన కళాశాలలో ఆయన జనగణమన పాడి వినిపించారు. డబ్లిన్‌లో సంగీత పట్టం పొందిన మార్గరెట్ ఆ బాణీని స్వరబద్ధంగా లిఖించింది. గీతాన్ని కవి స్వయంగా అక్కడే ఆంగ్లంలోకి మార్చారు. 1917లో భారతీయ మహిళా సంఘాన్ని, 1927లో అఖిల భారత మహిళా సభను నిలబెట్టినవారిలో ఆమె ముఖ్యురాలు. డబ్లిన్‌లో స్త్రీల ఓటుహక్కు సంఘాన్ని 1908లో స్థాపించినవారిలో కూడా ఆమె ఉంది. కజిన్స్ మీరాబాయి కథతో వ్రాసిన నాటకం 1919లోనే వెలువడింది. అక్బరు పాదుషా, తాన్‌సేన్ మారువేషాలతో మీరా పాట వినడానికి వచ్చారన్న జనశ్రుతి మన విద్యార్థులకు తెలిసినదే.

నాటకం పగటి కొలువుల వారి రాత్రి కృషిగా నిలవడం మనకు కొత్తకాదు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, రాఘవ ఇద్దరూ వకీళ్ళే. మన జిల్లా ఏ మహనీయుని పేరు ధరించినదో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు బాల్యంలో ఒంగోలులో స్త్రీ వేషాలు కట్టారు. ఆయనను చేరదీసి చదివించిన ఇమ్మనేని హనుమంతరావు నాయుడు నాటకాభిమాని అయిన పాఠశాల ఉపాధ్యాయుడు. ఆ ఉపాధ్యాయుని పేరు స్వీయచరిత్రలో శిష్యుడు వ్రాయకుంటే మనకు మిగిలేది కాదు.

ఫే సోదరులలో ఫ్రాంక్ 1931లో, విలియం 1947లో మరణించారు. డిగ్గెస్ హాలీవుడ్ చిత్రాలలో పేరుపొందాడు. ఆబీ పాత భవనం 1951లో అగ్నికి ఆహుతి కాగా, 1966లో కొత్తది లేచింది. కజిన్స్ దంపతులు కలిసి వ్రాసిన స్వీయచరిత్ర 1950లో వెలువడింది.

కజిన్స్ బెస్తవారి నాటిక చిన్నది. దానికి పెద్ద తెరలూ, కిరీటాలూ అవసరం లేదు. ఉర్దూ శాఖవారూ తెలుగు శాఖవారూ కలిసి కూర్చుంటే ఒక వేసవిలో అనువదించవచ్చు. పాత్రల మాటలు కొత్తపట్నం తీరపు పలుకుబడిలో ఉంటే అందంగా ఉంటుందని మా అభిప్రాయం. కళాశాల కమిటీవారిని మేము భవనం అడగడం లేదు. సాయంత్రం తరగతులు ముగిసిన తరువాత ఒక గది తాళంచెవి, రెండు విద్యుద్దీపాలు ఇప్పించితే చాలు. బల్లలు మేమే సర్దుకుంటాము.