తాబేలు పెంపకం: మోజుకూ సంరక్షణకూ మధ్య దూరమెంత?

ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ వంటి పేటల్లో తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాల్లో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో ఉన్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆ కుటుంబాలకు సొంత జిల్లాలోని పుణ్యక్షేత్రాలు మరపునకు రావు. వాటిలో గార మండలంలోని శ్రీకూర్మం ఒకటి. విష్ణువును కూర్మావతారంలో అర్చించే ఆ ఆలయ ప్రాంగణంలో భక్తులు సమర్పించే నక్షత్ర తాబేళ్లు సంచరిస్తుంటాయి. పిల్లలు వాటికి ఆకులు తినిపిస్తారు, పెద్దలు నమస్కరిస్తారు. దేవుడి రూపంగా భావించే జీవిని ఇంట్లోనూ ఉంచుకుంటే శుభమన్న భావన ఇక్కడి నుంచే చాలామందికి కలుగుతుంది. ఇంటి అక్వేరియంలో తాబేలు ఉంటే కలిసి వస్తుందని చెప్పే వ్యాపారులకూ కొదవ లేదు. ఆ నమ్మకానికీ, ఆ జీవి మనుగడకూ మధ్య ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడం అవసరం.

ముందుగా మన భాషలోని ఒక ఇబ్బందిని గమనించాలి. నేలపై తిరిగేదానినీ, చెరువులో ఈదేదానినీ, సముద్రంలో వేల కిలోమీటర్లు ప్రయాణించేదానినీ మనం ఒకే పేరుతో తాబేలు అంటాం. పల్లెల్లో మాత్రం మెట్ట తాబేలు, నీటి తాబేలు అన్న తేడా పాటిస్తారు. ఆ తేడా తెలియకనే పట్టణాల్లో మెట్ట తాబేలును తెచ్చి నీటితొట్టిలో వేసేవారున్నారు. మెట్ట తాబేలు కాళ్లు ఏనుగు కాళ్లవలె స్తంభాకారంగా ఉంటాయి. వాటి మధ్య ఈతకు పనికివచ్చే పొర ఉండదు. లోతైన నీటిలో అది మునిగిపోతుంది. ఏదైనా తాబేలు కనిపించినప్పుడు దానిని నీటిలోకి వదలడం పుణ్యమని భావించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నక్షత్ర తాబేలు ఈ మెట్ట జాతికి చెందినదే. నల్లని చిప్పపై ప్రతి పలకలోనూ మధ్య నుంచి పసుపు గీతలు కిరణాల్లా విచ్చుకుంటాయి. ఎండుగడ్డిలో ఆ గీతలు దానిని కనబడనీయకుండా కాపాడతాయి. మనిషి చేతిలో పడిన తరువాత అవే దాని ధరను పెంచుతాయి. రాయలసీమ జిల్లాల మెట్ట పొదలు, కర్ణాటక, తమిళనాడు పొడి భూములు, గుజరాత్, రాజస్థాన్ గడ్డి మైదానాలు, శ్రీలంక దీని ఆవాసాలు. ఆంధ్రప్రదేశ్–కర్ణాటక సరిహద్దులోని 18 గ్రామాల పరిధిలో విస్తరించిన ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదిలో కనీసం 55,000 తాబేళ్లను సేకరించారని 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. పొలాల గట్లపై, పొదల కింద పిల్ల తాబేళ్లను ఏరేవారికి దక్కేది స్వల్పం. విమానాల్లో ఇతర దేశాలకు చేరాక వాటి విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. పెట్టెల్లో కిక్కిరిసి, కాళ్లకు అతికింపు పట్టీలు చుట్టించుకుని ప్రయాణించే వీటిలో ఎన్ని ప్రాణాలతో చేరతాయో వేరే చెప్పనక్కరలేదు.

అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో ఈ తాబేలును 2019లో మొదటి అనుబంధంలోకి చేర్చారు. అడవి నుంచి పట్టిన వాటి వాణిజ్యానికి దానితో ప్రపంచవ్యాప్తంగా తెర పడినట్లే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ కల్పించినా, జాబితాలో స్థానం కిందనే ఉండేది. 2022లో ఆమోదించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన సవరణతో అది మొదటి షెడ్యూలుకు చేరింది. అనగా పులికి ఉన్న స్థాయి రక్షణ ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఈ జీవికీ ఉంది. ఆ షెడ్యూలులోని జంతువులకు సంబంధించిన నేరాలకు మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. కొన్నానని, బహుమతిగా వచ్చిందని, గుడి కోసం తెచ్చానని చెప్పినంత మాత్రాన మినహాయింపు దొరకదు.

శ్రీకూర్మం విషయంలోనూ ఇదే ప్రశ్న సున్నితంగా ముందుకు వస్తుంది. అక్కడి ఉద్యానంలో తాబేళ్ల మరణాలు పలుమార్లు వార్తలకెక్కాయి. భక్తి లోపించిందని ఎవరూ అనలేరు. అయితే పొడి నేలల్లో పుట్టిన జీవిని కోస్తా తేమలో ఒకేచోట గుంపుగా ఉంచినప్పుడు వ్యాధులు సులువుగా వ్యాపిస్తాయి. దాని సహజాహారం గడ్డి, ఆకులు, అడపాదడపా పండ్లు. ప్రేమతో పెట్టే అరటిపండు, అన్నం, బిస్కెట్ దాని జీర్ణవ్యవస్థకు భారమవుతాయి. సున్నం, సూర్యరశ్మి చాలకపోతే చిప్ప మెత్తబడుతుంది; ఎదుగుదల తప్పితే పలకలు గోపురాల్లా పైకి లేస్తాయి. ఇళ్లలో పెరిగిన తాబేళ్లలో ఈ లక్షణం తరచూ కనిపిస్తుంది. అది అందమనుకుని మురిసేవారూ ఉన్నారు!

పెంచాలనే ఈ కోరిక మన సమాజానికే పరిమితం కాదు. అమెరికా దక్షిణ ప్రాంతంలో, మిసిసిపీ నదీవ్యవస్థలోని బురద నీళ్లలో ఎలిగేటర్ స్నాపింగ్ తాబేలు అనే భారీ జీవి ఉంది. ఉత్తర అమెరికా మంచినీటి తాబేళ్లలో ఇదే అతి పెద్దది. మగవి 80 కిలోలకు పైగా పెరుగుతాయి. చిప్పపై మూడు వరుసల్లో మొసలి వీపును తలపించే ముళ్లుంటాయి. వేటాడే తీరు మరీ విచిత్రం. నీటి అడుగున నోరు తెరిచి కదలకుండా కూర్చుంటుంది. నాలుక చివరన ఎర్రని పురుగులా కనిపించే కండ మాత్రం ఆడుతూ ఉంటుంది. ఎరగా భావించి చేప దగ్గరకు రాగానే దవడలు మూసుకుంటాయి. పూర్వయుగాల నుంచి తప్పిపోయి వచ్చినట్లున్న ఈ రూపమే దానిని పెంచుకోవాలనే మోజుకు కారణం. అరచేతిలో పట్టే పిల్లను కొన్నవారు అది దశాబ్దాలు జీవిస్తుందనీ, ఏడాదికేడాది బరువెక్కుతుందనీ ముందుగా ఆలోచించరు. తరువాత రాత్రివేళ ఏదో ఒక చెరువులో వదిలివేస్తారు.

జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో 2013లో ఇర్సే అనే ఊరి చెరువులో ఒక బాలుని మడమ నరం తెగింది. ఇటువంటి తాబేలే కరిచిందని అనుమానించిన అధికారులు చెరువు నీరంతా తోడించినా అది దొరకలేదు. 2024లో ఇంగ్లండ్‌లోని కంబ్రియా ప్రాంతపు ఒక కొలనులో ఈ జాతి తాబేలే బయటపడింది. పుట్టిన ఖండానికి వేల కిలోమీటర్ల దూరంలో, ఎవరో పెంచి విసిగిపోయిన ఫలితమిది.

సొంత నదుల్లో మాత్రం వాటి సంఖ్య తగ్గిపోయింది. గత శతాబ్దంలో సూప్ కోసం, మాంసం కోసం విచ్చలవిడిగా పట్టారు. లూసియానా రాష్ట్రం వాణిజ్య వేటను 2004లో నిషేధించింది. 2021లో అమెరికా వన్యప్రాణి విభాగం దీనిని ముప్పున్న జాతిగా ప్రకటించాలని ప్రతిపాదించింది. నిషేధం పెట్టాక కూడా కోలుకోకపోవడానికి కారణం దాని జీవనక్రమంలో ఉంది. సంతానానికి యోగ్యమైన వయసుకు రావడానికి దానికి పదకొండు నుంచి ఇరవయ్యొక్క ఏళ్లు పడుతుంది. ఏడాదికి ఒకటికి మించి కాన్పు ఉండదు. ఆ గుడ్లలో అధిక భాగం రకూన్ వంటి జంతువుల పాలవుతుంది. గుడ్ల గూడులోని ఉష్ణోగ్రతే పిల్ల ఆడదో మగదో నిర్ణయిస్తుంది. ఇటువంటి జాతికి వయసు వచ్చిన ఒక్క ఆడ తాబేలును కోల్పోవడం అంటే పాతికేళ్ల పెట్టుబడిని పోగొట్టుకోవడంతో సమానం. కోళ్ల లెక్కలతో తాబేళ్లను అంచనా వేయడం ఎంత తప్పో దీని వల్ల తెలుస్తుంది. ఓక్లహోమాలోని టిషోమింగో సర్కారు చేపల పెంపక కేంద్రంలో పిల్లలను పొదిగించి, కొంత పెద్దవయ్యాక నదుల్లో వదిలే కార్యక్రమం కొనసాగుతోంది. అక్కడ తాబేలు ఇంటి వస్తువు కాదు. దానికి వదిలే తేదీ ఉంటుంది.

మన పట్టణాల అక్వేరియం దుకాణాల్లో సాధారణంగా అమ్మేది మాత్రం వేరొక విదేశీ తాబేలు. కళ్ల వెనుక ఎర్రని చార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్ అది. కొనేటప్పుడు రూపాయి నాణెమంత ఉంటుంది. పెద్దదయ్యాక అక్వేరియం చాలదు. చెరువులో వదిలితే స్థానిక తాబేళ్ల ఆహారాన్నీ, ఎండ కాచుకునే చోటునూ ఆక్రమిస్తుంది. ప్రపంచంలోని నూరు అత్యంత హానికర దురాక్రమణ జాతుల జాబితాలో దీనికి చోటుంది. కేరళలోని త్రిశ్శూరు ప్రాంతంలో 2018లో దీనిని ప్రకృతిలో గుర్తించారు. పిల్లలున్న ఇళ్లవారు మరో విషయం కూడా గమనించాలి: ఈ తాబేళ్లు సాల్మొనెల్లా క్రిములను మోస్తాయి. ఆ కారణంగానే అమెరికా 1975లో నాలుగంగుళాల కన్న చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

ఖరగ్‌పూర్‌కు మరింత దగ్గరి సమస్య వేరే ఉంది. అది ముద్దుగా పెంచే తాబేలుది కాదు, సంచుల్లో కుక్కి తరలించే తాబేలుది. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల్లోనూ, ఉత్తరప్రదేశ్ చెరువుల్లోనూ విరివిగా ఉండే ఫ్లాప్‌షెల్ తాబేలుకు బెంగాల్ మార్కెట్లే ప్రధాన గమ్యం. శీతాకాలంలో మాంసానికి గిరాకీ పెరుగుతుంది. పొట్ట కింది మృదులాస్థిని ఎండబెట్టి సరిహద్దు దాటించి తూర్పు ఆసియాకు పంపే వ్యాపారం అదనం. రోడ్డు వాహనాల్లోనూ, హౌరా వైపు వెళ్లే రైలు బోగీల్లోనూ ఇటువంటి సంచులు పట్టుబడుతున్నాయి. నత్తలనూ, చనిపోయిన జీవులనూ తిని చెరువును శుభ్రపరిచే జీవి ఇది. పొలంగట్టు రైతుకు దాని లేమి తరువాత గానీ తెలియదు.

వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ 2016 డిసెంబరు 15 నుంచి 2017 జనవరి 30 వరకు ‘ఆపరేషన్ సేవ్ కూర్మ’ పేరిట జరిపిన దాడుల్లో 15,739 సజీవ తాబేళ్లు చిక్కాయి, 45 మంది అనుమానితులు పట్టుబడ్డారు. ఆ రోజుల్లోనే ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లాలో ఒకే ఇంట్లో 6,430 దొరికాయి. 2009 సెప్టెంబరు నుంచి 2019 సెప్టెంబరు వరకు పదేళ్లలో పట్టుబడిన మెట్ట, మంచినీటి తాబేళ్లు కనీసం 1,11,310 అని ట్రాఫిక్ సంస్థ లెక్కగట్టింది. పట్టుబడినవి మాత్రమే ఇవి. రైల్వే రక్షణ దళం ‘ఆపరేషన్ వైలెప్’ పేరుతో రైళ్లలో వన్యప్రాణుల రవాణాపై నిఘా ఉంచుతోంది. బోగీలో కదులుతున్న, తడిగా ఉన్న సంచులు గమనించిన ప్రయాణికులు 139కు ఫోన్ చేయవచ్చు.

పెంచడం, సంరక్షించడం ఒకటే అయిన సందర్భాలు లేకపోలేదు. అందుకు మంచి ఉదాహరణ ఖరగ్‌పూర్‌కు తూర్పున, సుందరబన్‌లో ఉంది. బటాగుర్ బాస్కా అనే నదీముఖ తాబేలు ఒకప్పుడు ఒడిశా, బెంగాల్ తీరాల్లో విరివిగా ఉండేది. మాంసానికీ, గుడ్లకూ వేటాడిన ఫలితంగా అడవిలో దాని జాడే కరవైంది. 2008లో సజ్నేఖాలిలోని ఒక చెరువులో మిగిలిన కొద్దిపాటి వృద్ధ తాబేళ్లను గుర్తించి, సుందరబన్ పులుల అభయారణ్య అధికారులూ, తాబేళ్ల సంరక్షణ నిపుణులూ కలిసి వాటితోనే సంతానోత్పత్తి మొదలుపెట్టారు. ఆ గుప్పెడు తాబేళ్ల నుంచి పొదిగిన సంతతి ఇప్పుడు మూడు వందలు దాటింది. సంతానకాలంలో మగ తాబేలు తల నల్లబడి, మెడ ఎర్రబారుతుంది. ఆ మార్పు కనిపించినప్పుడే అక్కడి సిబ్బంది ఆ ఏడాది గుడ్ల కోసం ఎదురుచూడటం మొదలుపెడతారు. ఇసుకగూళ్ల కాపలా, ఉష్ణోగ్రత నమోదు, ఎవరికి ఎవరు సంతతి అన్న వంశవృక్షం – ఇవన్నీ ఇంటి పెరట్లో సాధ్యం కానివి. 2022 జనవరిలో పది తాబేళ్లకు జీపీఎస్ పరికరాలు అమర్చి నదిలో విడిచిపెట్టారు. వాటిలో కొన్ని సరిహద్దు దాటి బంగ్లాదేశ్ జలాల్లోకి వెళ్లాయి. నది తాబేలుకు దేశాల రేఖలు తెలియవు కాబట్టి రక్షణ కూడా రెండు దేశాలు కలిసి చేయాల్సి వస్తోంది.

బందీగా ఉండీ ప్రఖ్యాతి పొందిన తాబేలు కోల్‌కతాలోనూ ఉండేది. అలీపూర్ జంతుప్రదర్శనశాలలోని ఆల్దాబ్రా తాబేలు అద్వైత 2006 మార్చిలో చనిపోయింది. అది రాబర్ట్ క్లైవ్ కాలం నాటిదనీ, 250 ఏళ్లు దాటిందనీ ప్రచారం ఉన్నా, వయసు శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. తరాలుగా మనుషులు దానిని చూసి అబ్బురపడ్డారు గానీ, తన జాతికి చెందిన తోడు లేకుండా అది ఎంతకాలం జీవించిందో ఆలోచించినవారు తక్కువ.

ఇంట్లో ఇప్పటికే తాబేలు ఉన్నవారు మొదట అది ఏ జాతో తెలుసుకోవాలి. నక్షత్ర తాబేలైనా, ఫ్లాప్‌షెల్ అయినా దేశీయ రక్షిత జాతి కాబట్టి సమీపంలోని అటవీశాఖ కార్యాలయానికి తెలియజేసి అప్పగించడమే మార్గం. సైటీస్ జాబితాల్లోని విదేశీ జాతులను కలిగినవారు 2024లో వెలువడిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణశాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఏ జాతినైనా సమీప చెరువులోనో, రైల్వే గుంటలోనో వదలకూడదు. దేశీయ తాబేలైనా రోగాలు అంటించవచ్చు, విదేశీ తాబేలైతే స్థానిక జాతులకు పోటీ అవుతుంది. శ్రీకూర్మం వెళ్లేవారు మొక్కుగా తాబేలును కొని తీసుకెళ్లవలసిన అవసరం లేదు. అక్కడి తాబేళ్లకు తాజా ఆకుకూరలు సమర్పించాలన్నా ముందుగా ఆలయ సిబ్బందిని అడిగి తెలుసుకోవడం మేలు.