చికాగో పయనము: దూరమెంత? కాలమెంత?

ఉప్పలునందును నాచారమునందును బిడ్డలను అమెరికాకు పంపిన తల్లులు పెక్కుమంది కలరు. కూతురి పురిటికని పయనమగు తల్లి మొదట నడుగునది ‘ఎంత దూరము, ఎన్ని గంటలు?’ అనియే. సోదరీమణులారా, ఈ రెండు ప్రశ్నలకును వేర్వేరుగా లెక్క చూడవలయును.

హైదరాబాదునుండి చికాగోకు మిగుల దగ్గరి దారి సుమారు 13,300 కిలోమీటర్లు. గోడమీది పటమును చూచినవారు విమానము తిన్నగా పడమటికే పోవుననుకొందురు. మేము మావారి పాఠశాలలోని భూగోళమును తెచ్చి, రెండు నగరములనడుమ దారమును బిగించి చూచితిమి. అది ఉత్తరముగా సాగి, ధ్రువమునకు చేరువగా మంచుసముద్రమును దాటి, మరల దక్షిణమునకు దిగినది. దాని పొడవు భూమధ్యరేఖ చుట్టుకొలతలో మూడవవంతు. భూమి గుండ్రము, పటము చదును. భేదమంతయు ఇందే యున్నది.

ఇక కాలము. 2021 జనవరిలో ఎయిర్ ఇండియావారు హైదరాబాదునుండి చికాగోకు నడుమ ఆగని విమానమును ప్రారంభించిరి; పిమ్మట అది నిలిచిపోయినది. ఆగని పయనమునకే పదునారు గంటలకు పైబడి పట్టును. టికెట్టుపై ఏ ఊరి వేళ ఆ ఊరిదే అచ్చువేయుదురు. చలికాలమున మన గడియారము చికాగో గడియారమునకంటె 11½ గంటలు, వేసవిలో 10½ గంటలు ముందుండును. కావున చలికాలమున ఇచట మధ్యాహ్నము 12 గంటలకు బయలుదేరి 16½ గంటలు ప్రయాణించినవారు, అచటి గడియారమునుబట్టి ఆనాటి సాయంకాలము 5 గంటలకే దిగుదురు. చూచుటకు అయిదు గంటలే! తిరుగు పయనమున లెక్క తారుమారై, ఉన్నదానికంటె హెచ్చుగా కనబడును.

దోహాలోనో ఢిల్లీలోనో విమానము మారువారి లెక్క ఇంకను పెద్దది. నాచారమునుండి శంషాబాదు విమానాశ్రయమునకు 30 కిలోమీటర్లకు పైగా దారి, అందులకు గంటన్నర. అచట మూడు గంటలు ముందుగా నుండవలయును. గాలిలో దాదాపు 19 గంటలు, మారుచోట మూడు, దిగినపిదప పాసుపోర్టు తనిఖీకిని సామానునకును రెండు. వెరసి గడప దాటినది మొదలు 28½ గంటలు.

ఈ లెక్క వేడుకకు గాదు. చక్కెరవ్యాధికో రక్తపుపోటునకో మందు వాడు తల్లి గడియారమును నమ్మినచో మాత్ర తప్పును, లేదా రెండుమారులు పడును. గడచిన గంటలనే లెక్కింపవలయును. ఇన్సులిన్ తీసికొనువారు పయనమునకు ముందే వైద్యుని అడిగి వేళలు వ్రాయించుకొనవలయును. మందులు వైద్యుని చీటితోగూడ చేతిసంచిలోనే యుండవలెను, పెద్దపెట్టెలో వేయరాదు. ఎడతెగక కూర్చున్నచో కాళ్లనరములలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము కలదు. కావున తరచుగా లేచి నడచుచు, నీరు త్రాగుచు నుండవలయును.

టికెట్టు కొను బిడ్డలకును ఒక మాట. ధర యొక్కటే చూడక, అమ్మ ఎన్ని గంటలు కూర్చుండవలయునో చూడుడు. చక్రాలకుర్చీ కావలసినచో ముందుగనే తెలుపుడు. మనుమని చూచు తొందరలో తన దేహమును మరువని తల్లియే పురిటింట అక్కఱకు వచ్చును.