చేయూతనిచ్చే బడి

అన్నం కలుపుకొని, ముద్ద చేసి నోట పెట్టుకోవడం మనకు ఒక పనిగా తోచదు. దానిని ఎప్పుడు నేర్చుకొన్నామో, ఎవరు నేర్పారో కూడా జ్ఞాపకం ఉండదు. అయితే ఆ ఒక్క పనిని సాధించడానికి నెలల తరబడి శ్రమించే పిల్లలు ఉన్నారు. వారికి ఓర్పుతో నేర్పే బడులూ ఉన్నాయి. వీటినే ప్రత్యేక పాఠశాలలు అంటారు. అంధులకు, బధిరులకు, మేధోవైకల్యం గల పిల్లలకు వేర్వేరుగా ఇవి నడుస్తున్నాయి. మేధోవైకల్యం గల పిల్లలకు విద్య గరపే విధానం ఎటువంటిదో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఇటువంటి పిల్లలకు చదువు అబ్బదన్న భావం చాలాకాలం లోకంలో పాతుకొని ఉండేది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఇటార్, అడవిలో దొరికిన ఒక బాలునికి విక్టర్ అని పేరు పెట్టి, మాటలు, మర్యాదలు నేర్పడానికి సుమారు ఐదేళ్లు పాటుపడ్డాడు. ఆ బాలునికి మాటలు సరిగా రానేలేదు. ఇటార్ నిరాశ చెంది ఆ ప్రయత్నాన్ని విరమించాడు. కాని అతని శిష్యుడైన సెగ్విన్ ఆ శ్రమలోని విలువను గుర్తించి, కంటికి, చెవికి, చేతికి పని కల్పించే అభ్యాసాలను రూపొందించాడు. వారిద్దరి రచనలను శ్రద్ధగా చదివిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి ఆ సాధనాలను మెరుగుపరచి మొదట మేధోవైకల్యం గల పిల్లలకు ఉపయోగించింది. తరువాత 1907లో రోము నగరంలోని పేద పిల్లల బడిలో ప్రవేశపెట్టింది. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. నేడు మన పట్టణాలలోని మాంటిస్సోరి బడులలో పసిపిల్లలు ఆడుకొనే చెక్క సాధనాలకు మూలం ప్రత్యేక విద్యలోనే ఉందన్న సంగతి చాలామంది ఎరుగరు. 'చదువు రాని' పిల్లల కోసం పుట్టిన పద్ధతి అందరి పిల్లలకూ పనికివచ్చింది.

తెలుగునాట ఈ విద్యకు ఒక ముఖ్యకేంద్రం సికిందరాబాదు. భారత ప్రభుత్వం 1984లో అక్కడ జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం, బోధన సాధనాలను తయారుచేయడం, ఒక ఆదర్శ పాఠశాలను నడపడం ఆ సంస్థ చేపట్టిన పనులలో కొన్ని. దాని పేరు తరువాతి కాలంలో మారింది. ఇప్పుడు ఆ పేరులో 'మానసిక వికలాంగులు' అనే మాట లేదు. 'మేధోవైకల్యం గల వ్యక్తుల సాధికారత' అని ఉంది. పేరులో ఏముందని కొందరు అనవచ్చు. 'మందమతి' అని పిలిపించుకొంటూ పెరిగిన పిల్లవానికి ఆ తేడా తెలుస్తుంది.

పిల్లవానిని బడిలో చేర్చినప్పుడు తల్లిదండ్రులు సాధారణంగా వాడికి రానివన్నీ ఏకరువు పెడతారు. ఉపాధ్యాయుడు మాత్రం వచ్చినవాటిని వెదుకుతాడు. మద్రాసులో రూపొందిన ఒక పరిశీలన పట్టికలో 18 విభాగాలు, ఒక్కొక్క విభాగంలో 20 చొప్పున మొత్తం 360 అంశాలు ఉన్నాయి. నడక, తినడం, స్నానం, దుస్తులు, మాట, లెక్క, డబ్బు, కాలజ్ఞానం మొదలైనవన్నీ అందులో సులువైన వాటి నుండి కష్టమైన వాటి వరకు వరుసగా ఉంటాయి. పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగాడో గుర్తించి, దాని పై మెట్టును లక్ష్యంగా పెట్టుకొంటారు. ఆ విధంగా ప్రతి విద్యార్థికీ విడిగా ఒక ప్రణాళిక సిద్ధమవుతుంది. ఒకే తరగతి గదిలో ఒకరు రంగులు గుర్తిస్తూ ఉంటే, మరొకరు గడియారం చూడడం నేర్చుకొంటూ ఉంటారు. అందువల్లనే ఒక ఉపాధ్యాయునికి ఎక్కువమంది పిల్లలను అప్పగించరు.

ఇక నేర్పే తీరు చూడదగినది. చొక్కా గుండీ పెట్టుకోవడాన్ని ఉదాహరణగా తీసుకొందాం. గుండీని వేళ్లతో పట్టుకోవాలి. కాజాను రెండవ చేతితో తెరచి ఉంచాలి. గుండీ అంచును అందులోనికి దూర్చాలి. ఇవతలి వైపు నుండి లాగాలి. మనం ఒక్క క్షణంలో ముగించే పని ఇన్ని చిన్న పనుల కూర్పు. ఉపాధ్యాయుడు మొదటి మూడూ తానే చేసి, చివరి దానిని మాత్రం పిల్లవానికి విడిచిపెడతాడు. పిల్లవాడు లాగుతాడు, గుండీ పడుతుంది. పని పూర్తయిందన్న తృప్తి వాడికి దక్కుతుంది. అది కుదిరిన తరువాత చివరి రెండింటినీ, ఆపైన మూడింటినీ వాడిచేతనే చేయిస్తారు. మొదటి నుండి మొదలుపెట్టి మధ్యలో తడబడితే పిల్లవానికి మిగిలేది ఓటమి. చివరి నుండి మొదలుపెడితే ప్రతిసారీ గెలుపే. ముద్ద నోటికి అందించుకోవడం మొదలుకొని చెప్పులు తొడుక్కోవడం వరకు అనేక పనులను ఈ పద్ధతిలోనే నేర్పవచ్చు.

సహాయానికి కూడా ఒక క్రమం ఉంది. తొలుత చేయి పట్టి చేయిస్తారు. కొన్నాళ్లకు మోచేతిని తాకి ఊరుకొంటారు. ఆ తరువాత సైగ, ఆపైన ఒక్క మాట. చివరకు అదీ ఉండదు. చేయి పట్టడం కంటె తగిన సమయంలో చేయి విడవడమే ఉపాధ్యాయునికి కష్టమైన విద్య. తల్లికి అది మరీ కష్టం. బడిలో తన చేతితో తినే పిల్లవాడు ఇంటికి రాగానే నోరు తెరచి కూర్చోవడం కద్దు. 'పాపం, వాడేం తింటాడు' అని అమ్మమ్మ ముద్దలు కలిపి పెడుతుంది. అది ప్రేమే, కాని ఆ ప్రేమ మూడు నెలల శ్రమను వారం రోజులలో మరపిస్తుంది. కాబట్టి తల్లిదండ్రులను బడికి పిలిచి, ఎక్కడ సాయపడాలో, ఎక్కడ చేతులు కట్టుకొని చూస్తూ ఉండాలో చెబుతారు.

మాట రాని పిల్లలకు బొమ్మల పలకను ఇస్తారు. గ్లాసు బొమ్మను చూపితే దాహమని అర్థం. కొందరు పిల్లలు కొడతారు, కొరుకుతారు. వారిని మొండివారని ముద్ర వేయడం తేలిక. పరిశీలించి చూస్తే, తమ బాధను చెప్పే దారి లేనందువల్లనే అలా చేస్తున్నారని తరచు తేలుతుంది. చెప్పుకొనే సాధనం దొరికితే చాలామందిలో ఆ ఉద్రేకం తగ్గుతుంది. వాక్చికిత్స, కండరాల పట్టుకు వ్యాయామ చికిత్స కూడా అవసరాన్ని బట్టి జరుగుతాయి.

అందరితో కలిసి చదివితే మేలు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యాహక్కును కల్పించింది. దానిని దగ్గరలోని సాధారణ బడిలో పొందవచ్చు. కోరుకొంటే ప్రత్యేక పాఠశాలలో పొందవచ్చు. సాధారణ బడులలో చదివే పిల్లలకు తోడ్పడడానికి తెలుగు రాష్ట్రాలలో భవిత కేంద్రాలు ఏర్పడ్డాయి. తగిన ఉపాధ్యాయుడు ఉన్నచోట కలిసి చదవడమే మంచిది. అటువంటివారు లేని తరగతిలో పిల్లవాడు వెనుక బల్లపై ఊరకే కూర్చొని ఉంటే దానిని కలిసి చదవడమని అనలేం.

పిల్లలు పెద్దవారయ్యేకొద్దీ అక్షరాల స్థానంలో బతుకు పాఠాలు ఎక్కువవుతాయి. వారిని కిరాణా కొట్టుకు తీసుకొనివెళ్లి ఉప్పు ప్యాకెట్టు కొనిపిస్తారు, చిల్లర లెక్క చూపిస్తారు. బస్సు ఎక్కడం, దిగడం నేర్పుతారు. కవర్లు అతికించడం, కొవ్వొత్తులు పోయడం వంటి పనులలో శిక్షణ ఇస్తారు. ఈ తల్లిదండ్రులను అందరికంటె ఎక్కువగా వేధించే ప్రశ్న ఒకటి ఉంది. 'మా తరువాత వీడిని చూసేదెవరు?' దీనిని దృష్టిలో ఉంచుకొని చేసిన 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండిన మేధోవైకల్యం గల వ్యక్తికి స్థానిక సంఘం ద్వారా చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుకోవచ్చు. అయితే సంరక్షకుడు ఎంత మంచివాడైనా ప్రతి పూటా పక్కన ఉండలేడు. అందువల్ల పదహారేళ్ల విద్యార్థికి బడిలో ఇంటి తాళం తీయడం, బియ్యం కడిగి కుక్కరు పెట్టడం, దారి తప్పితే తన పేరు, ఊరు, ఇంటి ఫోను నంబరు చెప్పడం నేర్పుతున్నారు.