చట్టం కట్టుకోమనలేదు... అదే ప్రాణం నిలిపింది!

ఇంజను లేని విమానాన్ని గ్లయిడర్ అంటారు. మరో విమానం తాడు కట్టి దాన్ని పైకి లాక్కుపోయి వదిలేస్తుంది. ఆపైన భారం గాలిదే. మన పొలాల మీద గద్ద రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోవడం అందరూ చూసిందే. ఎండకు కాగిన నేల మీది నుంచి లేచే వేడిగాలిలో గ్లయిడరూ అలాగే తిరుగుతుంది. చిక్కల్లా, గాలి బాగున్న చోటికే నాలుగైదు గ్లయిడర్లు చేరడం. ఒకదానికొకటి తగిలితే?

ఆ భయంతోనే చాలామంది చోదకులు వీపున పారాచూట్ కట్టుకుంటారు. మామూలుగా ఎగిరేటప్పుడు కట్టుకుతీరాలని అమెరికా చట్టం అనదు. సిబ్బంది కాని మనిషిని ఎక్కించుకుని, కావాలని 60 డిగ్రీలకు మించి పక్కకు ఒరిగించినా, ముక్కును 30 డిగ్రీలకు మించి ఎత్తినా, దించినా మాత్రం అందరికీ పారాచూట్ ఉండాలి. ఒంటరిగా విన్యాసాలు చేసేవాడికి ఆ నిర్బంధం లేదు. వాడి ప్రాణం వాడిష్టమన్నమాట!

కట్టుకోమనని ఆ చట్టమే, ఆపదకని వెంట తీసుకెళ్లే పారాచూట్ మడత దగ్గర ఊరుకోదు. నైలాన్‌దైతే గత 180 రోజుల లోపల లైసెన్సుదారు విప్పి చూసి మళ్లీ మడిచి ఉండాలి. 2008లో మార్చేదాకా ఆ గడువు 120 రోజులే. పట్టుదైతే 60 రోజులు. పట్టుచీర మడతల దగ్గరే చీకుతుందని ఆడవారికి వేరే చెప్పాలా?

ప్రపంచ గ్లయిడింగ్ పోటీల్లో అయితే పారాచూట్ తప్పనిసరి. బ్రిటన్ గ్లయిడింగ్ సంఘం కూడా అది లేనిదే గ్లయిడర్‌ను మబ్బులోకి పోనివ్వదు.

2006 ఆగస్టు 28న అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో సుమారు 16,000 అడుగుల ఎత్తున ఒక జెట్ విమానం గ్లయిడర్‌ను ఢీకొంది. గ్లయిడర్ అదుపు తప్పింది. చోదకుడు దూకేశాడు. పారాచూట్ విచ్చుకుంది. స్వల్ప గాయాలతో నేలకు దిగాడు. జెట్ చక్రాలు దిగక పొట్ట మీద వాలినా, అందులోని ఐదుగురూ బతికారు.

దూకడం చెప్పినంత తేలిక కాదు. ముందు తలపై అద్దపు మూత ఊడదీయాలి, సీటు బెల్టు విప్పాలి, బయటపడి పిడి లాగాలి. ఇంతా చేయడానికి కింద ఎత్తు మిగిలి ఉండాలి. కంగారులో సీటు బెల్టుతోపాటు పారాచూట్ పట్టీ కూడా విప్పేసుకుంటే అంతే సంగతులు. అందుకే, నేల మీద ఆగాక కూడా దాన్ని వీపునుంచి తీయకుండానే గ్లయిడర్ దిగడం అలవాటు చేసుకోమని శిక్షకులు చెబుతారు.