పాపికొండలు వెళ్లాలంటే ముందు గోదారిని అడగాలి

సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక సిగ్నల్ కూడా అందని అడవికి వెళ్దామని మా గ్యాంగ్ ఐదుగురం అనుకున్నాం. ఒకడు అమెజాన్ అన్నాడు, ఇంకొకడు కేరళలో సైలెంట్ వ్యాలీ అన్నాడు. బడ్జెట్ లెక్కేశాక పాపికొండల దగ్గర ఆగాం. ఇంట్లో చెప్తే అమ్మ ఒకటే మాట: "గోదారి మీద బోటా? కచ్చులూరు మర్చిపోయావా?"

మర్చిపోలేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్ట్ బోటు మునిగి దాదాపు 50 మంది చనిపోయారు. బోటుని అక్టోబర్ 22న గానీ బయటికి తీయలేకపోయారు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా, ఇంట్లో రోజూ టీవీలో అదే వార్త. అందుకే అమ్మని ఒప్పించడానికి కాస్త చదివా. చదివాక నా ప్లానే మారిపోయింది.

ముందు అడవి సంగతి. పాపికొండ 2008లో నేషనల్ పార్క్ అయింది, విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైనే. పులి, చిరుత, అడవిదున్న ఉన్న చోటు. కానీ ఏడాదంతా పచ్చగా ఉండే రెయిన్ ఫారెస్ట్ కాదు, ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. ఏప్రిల్‌లో వెళ్తే ఎండిన వెదురు, ఎండ తప్ప పెద్దగా ఏం కనపడదు. పచ్చదనం కావాలంటే వానల తర్వాతే వెళ్లాలి. చిక్కంతా అక్కడే ఉంది, వానాకాలంలో గోదారి కూడా నిండుగా ఉంటుంది.

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులప్పుడు. 2019లో ఆ రోజు నదిలో ఉన్నది సుమారు 5 లక్షలు. అంటే హెచ్చరిక లేదంటే బోటుకి ఓకే అని కాదు. రాజమండ్రి దగ్గర రెండు కిలోమీటర్ల పైన వెడల్పుండే నది, పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకి కుంచించుకుపోతుంది. అదే నీళ్లు ఇరుకులోంచి వెళ్లాలి కాబట్టి వేగం, లోతు పెరుగుతాయి, సుడులు తిరుగుతాయి. అందుకే మేం సెప్టెంబర్ ప్లాన్ కొట్టేసి డిసెంబర్‌కి మార్చాం.

ఇప్పుడు దారి. అమ్మ పెళ్లికి ముందు రాజమండ్రిలోనే లాంచీ ఎక్కిందట. ఇప్పుడు మధ్యలో పోలవరం డ్యామ్ వచ్చింది, కాబట్టి డ్యామ్‌కి ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. వట్లూరులో ప్యాసింజర్లే ఆగుతాయి. ఏలూరు వెళ్లి రైలెక్కి ముందురోజు రాత్రికే రాజమండ్రి చేరడం నయం, ఎందుకంటే బోట్లు పొద్దున్నే బయల్దేరతాయి.

ప్రమాదం తర్వాత చాలా కాలం బోట్లు ఆపేసి, కంట్రోల్ రూములు పెట్టాకే మళ్లీ వదిలారు. బుక్ చేసేముందు ఆ రోజు బోట్లకి పర్మిషన్ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. జాకెట్ బిగించి కట్టుకోండి, ఫోటో కోసం తీయొద్దు. క్యాష్ దగ్గర పెట్టుకోండి, కొండల్లో ఫోన్ పే మీద నమ్మకం పెట్టుకోలేం. బోటు దిగి అడవిలోకి నడుద్దామంటే కుదరదు, నేషనల్ పార్కులోకి అటవీశాఖ అనుమతి కావాలి.

ఇంకో విషయం. ఒడ్డున ఖాళీ ఊళ్లు కనపడితే పాత శిథిలాలు అనుకోకండి. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం వైపు ఎన్నో ఊళ్ల వాళ్లు, అందులో కొండరెడ్లు కూడా, ఇళ్లు వదిలి వెళ్లారు. మనకి ఒకరోజు ట్రిప్, వాళ్లకి అది సొంతూరు. పాటలు పెట్టి బోటు మీద డాన్సులేసే ముందు ఒకసారి అటు చూస్తే చాలు.

ఈ లెక్కంతా అమ్మకి చూపించా. వెంటనే సరే అనలేదు. కొంచెంసేపు ఆలోచించి, "ఆ రోజు పొద్దున నీళ్లెంత ఉన్నాయో నాకూ ఫోన్ చేసి చెప్పు" అంది. మా ప్లాన్‌లో మొదటి లైన్ ఇప్పుడు అదే. నీళ్లు ఎక్కువుంటే వెనక్కి వచ్చేస్తాం. టికెట్ డబ్బులు పోతే పోయాయి.