అర సెంటుతో రైలు కట్టుకున్న ఊరు

మెట్రో కట్టడానికి కిలోమీటరుకి వందల కోట్లు అవుతాయి. ఒక్క టికెట్ల డబ్బుతోనే అంత ఖర్చు తిరిగి రావడం దాదాపు ఎక్కడా జరగదు. మరి మిగతాది ఎవరు కట్టాలి? రైలెక్కేవాళ్ళా, ఊరంతానా? అమెరికాలో లాస్ ఏంజిలిస్ ఈ ప్రశ్నని నేరుగా ఓటర్ల ముందే పెట్టింది.

లాస్ ఏంజిలిస్ కౌంటీ జనాభా సుమారు కోటి. 2008 నవంబర్‌లో, ఒబామా గెలిచిన ఎన్నికల రోజే, అక్కడి బ్యాలెట్ మీద 'మెజర్ ఆర్' అనే ప్రతిపాదన కూడా ఉంది. అమ్మకపు పన్ను అర శాతం పెంచి, 30 ఏళ్ళ పాటు ఆ డబ్బు రవాణాకే వాడదామా అన్నది ప్రశ్న. డాలర్‌కి అర సెంటు. మన లెక్కలో రెండొందల వస్తువు మీద ఒక్క రూపాయి. చిన్న మొత్తమే, కానీ 30 ఏళ్ళకి వచ్చేది 4,000 కోట్ల డాలర్లని అప్పట్లో అంచనా వేశారు.

ఆ డబ్బు దేనికెంతో కూడా ముందే రాసిపెట్టారు. కొత్త రైలు, బస్సు మార్గాలకి 35 శాతం, బస్సులు నడపడానికి 20, హైవేలకి 20, కౌంటీలోని ఒక్కో ఊరి సొంత పనులకి 15, మిగతాది రైళ్ళకి సంబంధించిన ఇతర ఖర్చులకి. అంటే జన్మలో రైలెక్కని వాడికి కూడా ఇందులో ఎంతో కొంత ఉంది. 30 ఏళ్ళు ఆగక్కర్లేదు కూడా. రాబోయే పన్నుని చూపించి బాండ్లతో ఇప్పుడే అప్పు తెచ్చుకోవచ్చు. 2016లో శాంటా మోనికా బీచ్ దగ్గరికి రైలు చేరింది ఈ పన్ను సాయంతోనే.

అయితే 'అవును' అనిపించుకోవడం అంత ఈజీ కాదు. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రొపొజిషన్ 13 ప్రకారం ఇలాంటి ప్రత్యేక పన్నుకి మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. మెజర్ ఆర్ కొద్దిలో గట్టెక్కింది. ఆ పన్నుని ఇంకో 30 ఏళ్ళు పొడిగిద్దామని 2012లో మెజర్ జె పెట్టారు. 66 శాతానికి పైగా ఒప్పుకున్నారు, అయినా ఓడిపోయింది! అర శాతం తగ్గిందంతే. 2016లో మెజర్ ఎం పేరుతో మళ్ళీ అడిగితే 71 శాతం దాకా వచ్చాయి. ఈసారి గడువు కూడా లేదు.

అంతా బాగానే ఉందా అంటే, లేదు. అమ్మకపు పన్ను అందరికీ ఒకే రేటు. వచ్చిన జీతమంతా ఖర్చయిపోయే ఇంటికి అది ఎక్కువ బరువు. కాలిఫోర్నియాలో కిరాణా తిండి సరుకులకి చాలావరకు ఈ పన్ను లేదు కాబట్టి కొంత నయం. పైగా పన్ను కట్టే పేదవాళ్ళు ఎక్కువగా ఎక్కేది బస్సు. రైళ్ళ మోజులో బస్సుల్ని గాలికొదిలేశారని అక్కడి బస్ రైడర్స్ యూనియన్ 1994లో కోర్టుకెళ్ళింది. 1996లో కుదిరిన ఒప్పందంతో బస్సుల రద్దీ తగ్గించక తప్పలేదు. మెజర్ ఆర్‌లో బస్సులకి విడిగా వాటా ఉండటం ఎంత ముఖ్యమో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు హైదరాబాద్ చూద్దాం. 2017 నవంబర్‌లో మొదలైన మన మెట్రోని ప్రైవేట్ భాగస్వామ్యంతో కట్టారు. టికెట్లు, మాల్స్, ప్రకటనల మీద వచ్చే డబ్బుతో పెట్టుబడి రాబట్టుకోవాలన్నది ప్లాన్. అది సరిపోలేదు. 2025 మేలో టికెట్ రేట్లు పెరిగాయి. లాస్ ఏంజిలిస్‌లా మనమూ అర శాతం వేసుకుందామంటే కుదరదు. 2017లో జీఎస్టీ వచ్చాక అమ్మకాల మీద పన్ను ఒక నగరం చేతిలో లేదు. నగరానికి మిగిలిన పెద్ద పన్ను ఆస్తి పన్నే.

మెట్రో వల్ల లాభం మాత్రం ఎక్కినవాళ్ళకే పరిమితం కాదు. స్టేషన్ పక్కన ఫ్లాట్ ఉన్నవాళ్ళకి రేటు పెరుగుతుంది. కారులో వెళ్ళేవాళ్ళకి రోడ్డు కాస్త ఖాళీ అవుతుంది. రేట్లు పెరిగినప్పుడు భారం పడేది మాత్రం రోజూ కార్డు ట్యాప్ చేసి లోపలికెళ్ళేవాళ్ళ మీదే. ఆ భారాన్ని ఊరంతా పంచుకోవాలా వద్దా అని మనల్ని ఇంతవరకూ ఏ బ్యాలెట్ మీదా ఎవరూ అడగలేదు.